రాయిలా ఉన్నానని సంతకం

ఇంటిదానికి,

ఎడమ చేత్తో రాస్తున్నాను. వంకర అక్షరాలు చూసి మీ అక్కాచెల్లెళ్లు నవ్వుకోకండి. రంపం మిల్లులో పోయినవి కుడిచేతి వేళ్లు రెండే, బుద్ధి కాదు. అందుకే అడుగుతున్నాను. బట్టల పెట్టె అడుగున దాచిన పుస్తకంలో ఏం రాశావు? నేను గదిలోకి రాగానే టక్కున మూసేదానివి. వారానికోసారి మన పరిహారం కేసు చూసే లాయరమ్మ దగ్గరికి మోసుకెళ్లేదానివి. ఎవరి గురించే అంటే "మీ గురించే" అన్నావు. మొగుడికి పిచ్చని కాగితం పుట్టించి ఎక్కడైనా పడేద్దామనా? ఆ మాట అన్నందుకే కదా సంచి సర్దుకుని మీ అక్క ఇంటికి పోయావు. తప్పు లేనిదానివైతే పుస్తకం నా ముందు పడేసి పోవాల్సింది.

లాయరమ్మ మాటలూ నాకు నచ్చలేదు. "వేళ్లకే కాదు పెద్దాయనా, మనసుకు తగిలిన దెబ్బకూ పరిహారం అడగొచ్చు" అంటుంది. మనసుకు దెబ్బేమిటి, దానికీ కట్టు కడతారా? నలభై ఏళ్లు దుంగలు కోసినవాణ్ణి.

మొన్న మిల్లు తరఫున ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. "ఎలా ఉన్నారు బాబాయ్, నిద్ర పడుతోందా?" అన్నాడు. "రాయిలా ఉన్నాను, హాయిగా నిద్రపోతున్నాను" అన్నాను. నా ముందే రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నాడు. చూశావా, ఆయన ఏదీ దాచలేదు.

జవాబు రాయి. రాయకపోయినా నాకేం పోదు.

నీ మొగుడు

*

ఇంటిదానా,

జవాబు రాలేదు. నా ఉత్తరం మీ అక్క నొక్కేసిందనుకున్నాను.

నిన్న కోర్టుకు వెళ్లాను. ఇస్త్రీ చొక్కాయన మిల్లు లాయరు పక్కన కూర్చున్నాడు. ఈసారి బాబాయ్ అనలేదు. ఆ లాయరు లేచి నా సంతకం కాగితం చదివాడు. "రాయిలా ఉన్నానని ఆయనే చెప్పారు. ఇక మనోవేదన ఎక్కడిది?" అన్నాడు. దొంగకు కుర్చీ వేసి, ఇంటిమనిషిని గడప దాటించానని అప్పుడు తెలిసింది.

తర్వాత లాయరమ్మ నీ పుస్తకం తీసింది. తారీఖులు వేసి మరీ రాశావు. మిక్సీ తిరిగితే నేను వీధిలోకి పోతున్నానట. నువ్వు కత్తి పట్టుకుంటే నా చేతులు వెనక్కి దాచుకుంటున్నానట. కరెంటు పోయినప్పుడు మాత్రం నా ముఖం తేటపడుతోందట. "ఆయనకు తెలిస్తే రోషంతో ఇవీ దాచేస్తారు, అందుకే చాటుగా రాస్తున్నాను" అని మొదటి పేజీలోనే ఉంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇది నిజమేనా?" అన్నారు జడ్జిగారు. అబద్ధమందామనే లేచాను. నోట వేరే మాట వచ్చింది. "నిజమేనండీ. కరెంటు పోతే ఎక్కడా ఏ రంపమూ తిరగదు కదా."

"మరి వాళ్ల మనిషితో అలా ఎందుకన్నారు?"

"ఇంట్లోదానికే చెప్పనివాణ్ణి, పరాయివాడికేం చెబుతానండీ."

వెనక ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు, రాసుకున్నారు.

తప్పు నాదే. ఈ ముక్క రాయడానికి మూడు కాగితాలు చించాను. వచ్చే వాయిదాకు నిన్ను పిలుస్తారట. కోపం ఉంటే ఉంచుకో, కానీ రా. చూసిందంతా పొల్లుపోకుండా నువ్వే చెప్పు. నేను చెబితే తగ్గించి చెబుతాను.

నీ ముసలాడు