నా గొంతుతో ఎవరో

జులై 3, సోమవారం

ఈ ఇంట్లో నేను మాట్లాడినా తప్పే, మాట్లాడకపోయినా తప్పే. అత్త నాకు పెట్టిన పేరు కత్తెర. ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు ఆవిడ కొత్త హెయిర్‌కట్ గురించి ఏదో అన్నానట, అప్పట్నుంచి. ఆవిడ నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు, స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ కూడాను. ఒకసారి పేరు పెట్టిందంటే గెజిట్‌లో పడ్డట్టే. ఊరుకుంటే పొగరంటారు, నవ్వితే వెటకారమంటారు. కూర బాగుంది అన్నాననుకో, అంటే రోజూ బాగుండదనా నీ ఉద్దేశం అంటారు.

ఇవాళ మాత్రం నిజంగా ఏమీ అనలేదు. సాయంత్రం వచ్చేసరికి నాన్న తన ఫోటో ఫ్రేముల షాపుని కుర్రాడి మీద వదిలేసి హాల్లో కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం అత్తకి ఫోన్ చేసి ఏమన్నావు అన్నాడు. నేను అసలు చేయలేదన్నాను. అత్త వెక్కి వెక్కి ఏడుస్తోందట. పిల్లల్లేనివాళ్ళకి పక్కింటి పిల్లల మీద పెత్తనం ఎక్కువ అన్నానట. ఇంకోసారి మా గడప తొక్కొద్దన్నానట. నా ఫోన్‌లో చార్జింగ్ లేదు, ఫ్రెండ్ ఫోన్ నుంచి చేస్తున్నానని కూడా చెప్పానట.

దాని గొంతు నేను పోల్చుకోలేనా అన్నయ్యా, నా చేతుల మీద పెరిగిన పిల్ల, అందట.

నాన్న అరవలేదు. అరిచినా బాగుండేది. అనలేదంటే నమ్ముతాలే అన్నాడు, నమ్మని గొంతుతో.

ఒక్కటి మాత్రం ఇక్కడ రాసుకోవచ్చు. పెత్తనం మాట నేను మనసులో చాలాసార్లు అనుకున్నదే.

జులై 4

అత్తకి ఫోన్ చేశాను. ఎత్తి, నా హలో వినగానే పెట్టేసింది.

జులై 7, శుక్రవారం

శుక్రవారాలు నేను పనిచేసే సెంటర్ ఒంటిపూటే. ఇంట్లో మాత్రం రెండుపూటలా అని చెప్తాను. మధ్యాహ్నం ఎక్కడికి వెళ్తానో ఎవరికీ తెలియదు.

మా సెంటర్‌లో వినికిడి పరీక్ష చేసే గది ఫ్రిజ్ లాగా ఉంటుంది. మందపాటి తలుపు, లోపల ఒక కుర్చీ, మధ్య గోడకి చిన్న అద్దాల కిటికీ. లోపలివాళ్ళు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటారు. బయట నేను బీప్‌లు పంపిస్తాను. వినపడితే బటన్ నొక్కాలి. ఏప్రిల్‌లో ఒకావిడ వచ్చింది. యాభై దాటుంటాయి, ఇస్త్రీ చీర, జుట్టు బిగించి ముడి. ఎంత తగ్గించి పంపినా నొక్కింది. ఆ వయసువాళ్ళకి వినపడకూడనివి కూడా నొక్కింది. ఊరికే నొక్కుతోందేమోనని పంపడం ఆపేశాను. ఆవిడా ఆపేసింది. తలెత్తి చూస్తే అద్దంలోంచి నన్నే చూస్తోంది. నా చేతిని కాదు, నోటిని.

మీకే లోపమూ లేదండీ, ఎందుకొచ్చారు అని అడిగాను. నీ గొంతు విందామని, నేను మీ అమ్మనే అంది.

నాకు అయిదేళ్ళప్పుడు వెళ్ళిపోయిన మనిషి. ఇంట్లో ఆవిడ పేరెత్తితే నాన్న లేచి వెళ్ళి గాజుపలకలు తుడుస్తాడు. నాయనమ్మ చెవుడు నటిస్తుంది. ఎందుకు వెళ్ళిపోయిందని ఎన్నిసార్లు అడిగానో. పెద్దయ్యాక చెప్తామన్నారు. ఎంత పెద్దయ్యాకో చెప్పలేదు.

ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్ట్. సీరియళ్ళలో కోడళ్ళు, కార్టూన్లలో కుందేలు, ప్రకటనల్లో సబ్బు మెచ్చుకునే ఆంటీలు, అన్నీ ఆవిడే. శుక్రవారం మధ్యాహ్నాలు నేను వెళ్ళేది ఆవిడ ఫ్లాట్‌కే. అందులో ఒక గది గోడలకి బయటి చప్పుడు రాకుండా బొంతలు కొట్టి పెట్టుకుంది. అక్కడ కూర్చోబెట్టి నాచేత పేపర్ చదివిస్తుంది. ఇంట్లోవాళ్ళమీద కోపమొస్తే ఏమంటావు, అని చూపించు అంటుంది. ఏడుపొస్తే ముందు ముక్కు మూసుకుపోతుందా, గొంతు బొంగురుపోతుందా అని అడుగుతుంది. ఇల్లెలా ఉంది, నాయనమ్మ ఎలా ఉంది అంటుంది. అన్నీ చెప్పాను. నాయనమ్మకి వెలుగూ నీడా తప్ప ఏమీ కనబడదని, పెద్ద బటన్ల ఫోన్ మెడలో తాడుకి వేలాడేసుకుని తిరుగుతుందని, మేడ మీద వెనకవైపు పిట్టగోడ పడగొట్టి మేస్త్రీ రేపు రేపంటూ తిప్పుతున్నాడని. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

నా మాట పూర్తయ్యేదాకా ఆగే మనిషి నాకు ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే.

జులై 11

సెంటర్‌లో మేడం తన గదిలోకి పిలిచింది. ఉద్యోగం మానేయాలంటే మనిషిలా వచ్చి చెప్పాలి, పొద్దున్నే ఫోన్ చేసి మీ దగ్గర గాడిదలే పనిచేస్తాయి అనడం ఏం పద్ధతి అంది.

నేను కాదన్నాను. ఎవరో తుంటరి పని అన్నాను. మేడం కళ్ళజోడు తీసి, నాకు తెలీదా నీ గొంతు, కాదు అనే ముందు చిన్నగా ఆగుతావు చూడు, అది కూడా ఉంది అంది. తర్వాత మెత్తబడింది. ఇంట్లో అంతా బాగానే ఉందా, నిద్ర పడుతోందా, నాకు తెలిసిన డాక్టర్ ఉంది, సిగ్గుపడకు అంది.

అరవడమే నయం, ఈ జాలి కన్నా.

జులై 12

నేనే చేసి మర్చిపోతున్నానా?

జులై 14, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

వెళ్ళగానే ఆవిడ ఒళ్ళో పడి ఏడ్చాను. అత్త సంగతి, మేడం సంగతి, అన్నీ. చెప్పానుగా నేను కాదని, ఒక్కళ్ళూ నమ్మరేం అన్నాను. వెన్ను నిమిరింది. ఆ ఇల్లంతే అమ్మడూ, నీ ముఖంలో వాళ్ళకి నేనే కనిపిస్తాను, నువ్వెప్పటికీ వాళ్ళకి పరాయిదానివే, ఇక్కడికొచ్చెయ్ అంది. పక్క గది తలుపు తీసి చూపించింది. మంచం, కొత్త దుప్పటి, మడతపెట్టిన నైటీ. నా సైజు. నేనెప్పుడూ సైజు చెప్పలేదు.

టీ పెట్టొస్తానని వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. కుళాయి తిప్పిన చప్పుడు. ఆ నీళ్ళ చప్పుడు వెనకాల నేను మాట్లాడుతున్నాను.

చెప్పానుగా నేను కాదని. ఒకసారి. గొంతు కొంచెం పైకి పోయింది. మళ్ళీ, ఇంకాస్త నెమ్మదిగా. మళ్ళీ. ఈసారి కాదు అనే ముందు ఆ చిన్న ఆగడం కూడా పడింది. అది నేనే. నేను సోఫాలో నోరు మూసుకుని కూర్చుని ఉన్నాను, నేను వంటగదిలో ఏడుస్తున్నాను.

రెండు కప్పులతో బయటికొచ్చి, చక్కెర సరిపోయిందా చూడు అంది, తన గొంతుతో. సరిపోయిందన్నాను. మొత్తం తాగాను. ఎందుకు తాగానో తెలీదు, తాగకపోతే తెలిసిపోతుందనిపించింది.

ఇన్నాళ్ళూ నన్ను వింటోందనుకున్నాను. నేర్చుకుంటోంది.

మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆవిడ కొత్తగా ఏ మాటా కల్పించలేదు. మా ఇంట్లోవాళ్ళు నా నోట్లో ఇదివరకే పెట్టేసిన మాటలే ఏరుకుంది. అందుకే అందరూ ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు.

జులై 15

నాన్నకి చెప్పాలి. చెప్పాలంటే శుక్రవారాల సంగతి కూడా చెప్పాలి. షాపు దాకా వెళ్ళాను. ఎవరిదో పెళ్ళి ఫోటోకి గాజు కోస్తున్నాడు. ఇప్పుడు మాట్లాడకు, చెయ్యి తప్పుతుంది అన్నాడు. సరే అని వచ్చేశాను. హమ్మయ్య అనుకున్నాను కూడా.

జులై 17, సోమవారం, మధ్యాహ్నం

నాయనమ్మ బతికే ఉంది. ముందు అది రాయాలి.

కింది వాటాలో ఉండే టైలర్ ఆరేసిన లైనింగ్ గుడ్డలు తీయడానికి మేడెక్కాడు. ఎక్కేసరికి నాయనమ్మ ఫోన్ చెవికి పెట్టుకుని, రెండో చెయ్యి ముందుకి చాపి, చిన్నపిల్లలా నవ్వుకుంటూ వెనకవైపు నడుస్తోందట. పిట్టగోడ లేని వైపు. ఎక్కడున్నావే, గాలి తగులుతోంది గానీ నువ్వు తగలవేం అంటోందట. టైలర్ గుడ్డలు పారేసి పరుగెత్తి నడుము పట్టుకున్నాడు. ఫోన్ లాక్కుని ఎవరని అడిగితే అటువైపు నేనేనట. అయ్యో, జాగ్రత్తగా కిందికి దింపండన్నా అని చెప్పి పెట్టేశానట.

ఆ టైలరే నాకు సెంటర్‌కి ఫోన్ చేసి నిలదీశాడు. ఇదేం ఆట తల్లీ ముసలావిడతో, నువ్వు పైన ఉన్నానని పిలిచావట, రామ్మా రామ్మా ఇంకో రెండడుగులు అన్నావట, బుద్ధుందా నీకు అన్నాడు. పక్కన అత్త గొంతు కూడా వినిపించింది. దాన్ని ఇంటికి రానీ, ఇవాళ తేలుస్తాను అంటోంది.

ఒకసారి ఫ్లాట్‌లో ఉండగా నా ఫోన్ ఆగిపోతే అమ్మ ఫోన్ నుంచే నాయనమ్మకి చేశాను. నంబరు అలా వెళ్ళింది. నేనే ఇచ్చాను.

జులై 17, సాయంత్రం

అందరి ముందూ చెప్పేశాను. బొంతల గది, పేపర్ చదవడం, కుళాయి వెనక గొంతు, మొత్తం. అత్త నోరు తెరిచింది, మూసింది. ఇది ఇంకో కథ అల్లుతోంది అన్నయ్యా అనబోయినట్టుంది, నాన్న ముఖం చూసి ఆగిపోయింది. నాన్న ముఖంలో ఆశ్చర్యం లేదు. నాకు అదే భయమేసింది.

పాత సంగతి చెప్పడం మొదలుపెట్టింది నాయనమ్మే. తాతయ్య చనిపోయాక ఆ ఏడాదంతా, మధ్యాహ్నాలు ఆయన పిలిచేవాడు అంది. చివర్లో ఆయన గొంతు సన్నబడి పీలగా అయిపోయిందిగా, సరిగ్గా అదే గొంతు, అదే దగ్గు. ఏమే, ఇటు రా అని. నాకు మతి పోయిందనుకున్నారు, మాత్రలు కూడా మింగించారు అంది. నాన్న ఒకరోజు పెందలాడే ఇంటికొచ్చాడట. స్నానాలగది తలుపు వెనక నిలబడి మా అమ్మ తాతయ్యలా దగ్గుతోందట. ఆ రోజే ఆవిడని పంపించేశాడు.

ఆ గొంతు నిన్ను ఎక్కడికి పిలిచేది అని అడిగాను.

మెట్ల దగ్గరికి, అంది నాయనమ్మ.

నాకెందుకు చెప్పలేదు అని నాన్నని అడిగాను. చెప్తే నీలో ఆవిడని వెతుకుతామేమోనని భయపడ్డాను అన్నాడు. చెప్పకుండానే వెతికారుగా అన్నాను. ఎవరూ కత్తెర అనలేదు.

జులై 18

నాన్నా నేనూ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. రాసుకునే ఆయన పెన్ను ఆపి, మిమిక్రీ చేస్తే లోపలేయమంటారా సార్ అన్నాడు. పక్కాయన నవ్వాడు. అత్తాకోడళ్ళ గొడవ ఇంట్లో తేల్చుకోక మా దాకా ఎందుకు, పైగా ముసలావిడకి ఏమీ కాలేదుగా అన్నాడు. కావాలా అని అడిగాను. నాన్న నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ఫిర్యాదు కాగితం మాత్రం ఇచ్చి వచ్చాం.

నాయనమ్మ మెడలో తాడు విప్పేశాం. తాడు లేని మెడని మాటిమాటికీ తడుముకుంటోంది.

జులై 20

నాయనమ్మకి నేర్పించాను. నా గొంతు ఫోన్‌లో వచ్చినా, కిటికీలోంచి వచ్చినా, తలుపవతల ఏడ్చినా, చస్తున్నానన్నా సరే, నమ్మొద్దు. నా చెయ్యి వచ్చి నీ చెయ్యి పట్టుకుంటేనే నేను. అన్నం పెట్టమని అరిచినా అంతేనా అంది. అంతే అన్నాను. అయితే నీకు ఆకలి అలవాటు చేసుకోవాలి అని నవ్వింది.

సాయంత్రం పరీక్ష పెట్టాను. బయట నిలబడి తలుపు కొట్టాను. నాయనమ్మా, నేనే, తియ్యి అన్నాను. చప్పుడు లేదు. బతిమాలాను. నిజంగానే ఏడుపొచ్చేసింది, ఎందుకో తెలీదు. తలుపుకి అటువైపు ఆవిడ గాజులు ఒక్కసారి గలగలమన్నాయి, అంతే. రెండు చేతులూ తలుపుకి ఒత్తి నిలబడి ఉందని నాన్న తర్వాత చెప్పాడు. తీయలేదు.

మంచిది.

జులై 22

అత్త వచ్చింది, సంచీ నిండా నాకిష్టమైన పళ్ళతో. క్షమించు అనలేదు, అనదు. నేను నమ్మానంటే సగం తప్పు నీది కూడా, అలాంటి మాటలేగా నీ నోట్లో ఉండేవి అంది. పళ్ళు కోసి పెట్టి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాయనమ్మ దగ్గర నేర్చుకుందనుకుంటాను.

జులై 28, శుక్రవారం

వాయిస్ మెసేజ్. ఆవిడ సొంత గొంతు. అదే సొంత గొంతో కాదో ఇప్పుడు నాకేం తెలుసు. ఈ శుక్రవారమూ రాలేదేం, టీ చల్లారిపోయింది అంది. ఆ తర్వాత ఊపిరి మాత్రమే. నా ఊపిరిలాగే ఉంది.

ఆగస్టు 2, సాయంత్రం 4.10

ఎవరో నర్సు ఫోన్ చేసింది. మీ అమ్మగారిని రోడ్డు దాటుతుంటే బండి గుద్దింది, రాత్రి దాటడం కష్టం, మిమ్మల్నే కలవరిస్తున్నారు, వెంటనే రండి అంది. వెనకాల ట్రాలీ చక్రాలు, ఎవరిదో దగ్గు, ఇంకెవరినో పిలుస్తున్న అనౌన్స్‌మెంట్. ఎక్కడా తేడా లేదు. అచ్చం నర్సులాగే ఉంది.

నిజమే కావచ్చు. ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

కనుక్కోను. నిజమైనా వెళ్ళను.