విచారణ అధికారి దిగిన కారు

కాశిబుగ్గ, మంగళవారం రాత్రి

మా చేనేత సంఘం షెడ్డును ఎమ్మెల్యే కబ్జా చేశాడని మేం పెట్టిన ఫిర్యాదు మీద విచారణకు ఈరోజు హైదరాబాద్ నుంచి అధికారి వచ్చాడు. దిగింది మాత్రం ఎమ్మెల్యే కారులోంచే! ఒళ్లు మండి అడిగేశాను.

"రైల్వే స్టేషన్ల బండి దొరకలేదమ్మా, వాళ్లే తీస్కొచ్చిన్రు. అయితే ఏమైంది?" అన్నాడు.

ఏమైందా? సాక్ష్యం చెప్తామన్న వాళ్లంతా ఆ కారును చూసి తలుపులు వేసుకున్నారు. ఎదురింటి యాకూబ్ చిచ్చా ఒక్కడే వచ్చాడు. "నేను చెప్త బిడ్డా, నువ్వు ఫికర్ చెయ్యకు" అంటూ అంతా చెప్పి సంతకం పెట్టాడు.

ఆ కాగితం పట్టుకుని అధికారి మళ్లీ అదే కారెక్కాడు.

చిచ్చాను నేనెందుకు ఆపలేదు? వీధిలో ఏ బండి చప్పుడైనా లేచి ఆయన తలుపు వైపే చూస్తున్నాను.