గుమ్మడికాయకి జాబ్ కార్డు

ఖరిదా,
అక్టోబరు 9

ఇందు వాళ్ళ నాన్నగారికి,

మీ ఉత్తరమూ, సంతకం పెట్టమన్న కాగితాలూ అందాయి. ఫోనులో మాట్లాడదామంటే మీకు వినపడదు. నేను అరిస్తే వీధి మొత్తానికి వినపడుతుంది. ముప్పై అయిదేళ్ళు రైల్వే వర్క్‌షాపు కమ్మరి సుత్తుల పక్కన నిలబడ్డ చెవులు కదా. అందుకే నేనూ కాగితం మీదే చెప్తున్నాను.

ఇల్లు అమ్మడం నాకు ఇష్టం లేదు. విఘ్నేశ్వర్ గారు ఇరవై ఎనిమిది లక్షలు ఇస్తానన్నారని రాశారు. ఆ డబ్బుతో విశాఖలో మీ అక్కగారి వీధిలో ఫ్లాటు వస్తుందనీ, అక్కడ చుట్టూ తెలుగువాళ్ళేననీ రాశారు. నేను పుట్టింది ఇక్కడే కదండీ. మా తాత రైలు పని కోసం ఈ బెంగాలీవాళ్ళ దేశం వచ్చి బండి దిగిన ఊరు. ఈ ఇంటి గోడలకి నెల రోజులు బిందెలతో నీళ్ళు పట్టింది నేను. రిటైరయ్యాక మీరు ఊరికే కూర్చోలేక విశాఖ వాగన్ షెడ్డులో కాంట్రాక్టు పని పట్టుకుంటే సరే అన్నాను. ఏడాదిలో తిరిగొస్తారనుకున్నాను గానీ, నన్నే అక్కడికి రమ్మంటారనుకోలేదు.

ఇంకో సంగతి. మన ఇందు పనిచేసే హిజ్లీ క్యాంపస్‌లో తోటపని క్లబ్బు ఒకటుంది. వాళ్ళ దగ్గర రాక్షసి గుమ్మడి విత్తనాలు మూడు కొనితెచ్చింది, ఒక్కోటి నూట యాభై. ఫిబ్రవరిలో ఫ్లవర్ షో రోజున ఎవరి కాయ ఎక్కువ తూగితే వాళ్ళకి ప్రైజు. ఎప్పటినుంచో నాకు ఆ సరదా ఉంది, మీకు చెప్పలేదంతే. పెరట్లో గొయ్యి తవ్వించాను. ఈ ఆదివారం నాటుతాను. ఆ షో అయ్యేదాకా సంతకం మాట ఎత్తకండి.

ఉంటాను,
బాలాంబ

---

విశాఖపట్నం,
అక్టోబరు 17

బాలా,

ఒక్క గింజ నూట యాభై రూపాయలా? బజారులో కిలో పాతిక్కి దొరికే కాయ అది. పోనీ తినడానికి బావుంటుందా అంటే, ఆ పెద్ద కాయలు వట్టి నీళ్ళని మా షెడ్డులో ఒకాయన చెప్పాడు. తినడానికి పనికిరాని కాయని పెంచి, నలుగురితో మోయించి, తూకం వేయించి చప్పట్లు కొట్టించుకోవడం. దీనికంటే పేకాట నయం.

నేను మొండివాణ్ణే గానీ అన్యాయస్థుణ్ణి కాను. ఒక మాట అనుకుందాం. ఆ గుమ్మడికాయ తిన్నదానికన్నా, ఫిబ్రవరి నెలాఖరుకి, ఒక్క రూపాయి ఎక్కువ తెచ్చిందనుకో, ఇల్లు అమ్మను. మళ్ళీ ఆ మాటే ఎత్తను. తేలేదనుకో, నువ్వు సంతకం పెట్టాలి. ఇల్లు ఇద్దరి పేరా ఉంది, నువ్వు పెట్టనంటే నేనేమీ చెయ్యలేను. అందుకే మాట అడుగుతున్నాను. విఘ్నేశ్వర్ గారు యాభై వేలు అడ్వాన్సు ఇచ్చి మార్చి దాకా ఆగుతానన్నారు.

పైసాతో సహా లెక్క రాయి. మంచు పడుతున్నప్పుడు తలకి మఫ్లరు కట్టుకో.

జగ్గారావు

---

ఖరిదా,
డిసెంబరు 21

ఇందు వాళ్ళ నాన్నగారికి,

మీ పందేనికి సరేనని మాట ఇచ్చాను కనుక లెక్క పంపుతున్నాను. విత్తనాలు 450. పేడ రెండు టోటో రిక్షాల లోడ్లు 1,200. ఎరువుకి ఆవాల చెక్క 800. నీళ్ళ పైపు 900. మోటారు కరెంటు 640 అవుతుందనుకుంటున్నాను. నీడకి వల 750. వేపనూనె 360. కాయ కింద పరుపుకి గడ్డి 200. పరుపు అంటే నవ్వకండి, నేల తగిలితే అడుగు కుళ్ళిపోతుంది.

మూడు గింజల్లో ఒకటే బాగా పాకింది. తీగకి పదకొండు పిందెలు వస్తే ఒక్కటి ఉంచి పదీ తుంచేశాను. చేతులు రాలేదు. రూతు పక్కన నిలబడి, "ఏటి బాలాంబా, కూరకైనా ఉంచవేటి, అలా తుంచేసినావు" అని గోల పెట్టింది. రూతు మీకు గుర్తుందిగా, చర్చి వెనక వీధిలో ఉంటుంది, మెయిన్ హాస్పిటల్లో నర్సుగా చేసి రిటైరైంది. ఉన్న బలమంతా ఒక్కదానికే పోవాలి, అదీ ఇందులో కిటుకు.

పొద్దున గంట, సాయంత్రం గంట దాని దగ్గరే ఉంటున్నాను. టేపు పెట్టి చుట్టుకొలత రాసుకుంటున్నాను. మొన్న ఒక్కరోజులో రెండు అంగుళాలు పెరిగింది. నాకు నిద్రలో కూడా నవ్వొస్తోందని ఇందు అంటోంది.

మఫ్లరు కట్టుకుంటున్నాను.

బాలాంబ

---

ఖరిదా,
ఫిబ్రవరి 9

ఇందు వాళ్ళ నాన్నగారికి,

నిన్న షో అయింది. మన కాయ ఎనభై మూడు కిలోలు తూగింది. సెకండ్ ప్రైజు, రెండు వేలు. మేదినీపూర్ మాస్టారు ఒకాయన తొంభై ఒకటితో ఫస్ట్ కొట్టారు. ఆయనకి పదిహేను వేలు ఖర్చయిందట, ప్రైజు అయిదు వేలు. ఎవర్ని అడిగినా నష్టమే చెప్పారు, అందరూ నవ్వుతూనే చెప్పారు. అక్కడ ఏడుపు ముఖంతో లెక్క వేసుకుంటున్నదాన్ని నేనొక్కదాన్నే.

మోసిన మనుషులకీ తోపుడు బండికీ 1,500, ఎంట్రీ ఫీజు 100. మొత్తం 6,900 ఖర్చు. ప్రైజు పోగా ఇంకా 4,900 రావాలి.

దారి ఉందండీ. గెలిచిన కాయ గింజలకి గిరాకీ. క్లబ్బువాళ్ళు ఒక్కో గింజా నలభైకి కొంటామన్నారు. కానీ కాయ కొయ్యాలి. పక్కింటి బెంగాలీ దీదీ నేను కత్తి తియ్యగానే పరుగెత్తుకొచ్చి, "మేయేరా గోటా కుమ్‌డో కాటే నా" అని చెయ్యి పట్టుకుంది. నిండు గుమ్మడికాయ ఆడవాళ్ళు కొయ్యకూడదట. మా అమ్మ కూడా అదే అనేది, మొదటి కత్తి మగవాడే పెట్టాలని. దారినపోయే మగవాణ్ణి పిలిచి కోయించడం నాకు ఇష్టం లేదు. ఒక్క రోజు సెలవు పెట్టి రండి. మొదటి గాటు మీరు పెడితే చాలు, తక్కింది నేను చూసుకుంటాను.

మీకోసం చూస్తూ,
బాలాంబ

---

విశాఖపట్నం,
ఫిబ్రవరి 14

బాలా,

ఎనభై మూడు కిలోలంటే మాటలు కాదు. షెడ్డులో అందరికీ చెప్పాను.

ఈ నెల సెలవు దొరకదు. కాయ ఎక్కడికీ పారిపోదు, మార్చిలో చూద్దాం. పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి మనం తప్పడం దేనికి.

జగ్గారావు

---

ఖరిదా,
ఫిబ్రవరి 22

ఇందు వాళ్ళ నాన్నగారికి,

మన పందెం ఫిబ్రవరి నెలాఖరు దాకానే. మార్చిలో చూద్దామని మీరు ఎందుకన్నారో నాకు అర్థం కాలేదనుకున్నారా? మీ ఉత్తరం చదివి చాలాసేపు కోపంగా కూర్చున్నాను. ఇన్నేళ్ళలో మీరు నాతో తొండి ఆడటం ఇదే మొదటిసారి.

రూతు వచ్చి సంగతి విని, "మా ఇళ్ళల్లో ఆ పట్టింపుల్లేవు. కత్తి ఇలా తే, నాను కోసేస్తాను" అంది. కత్తి దిగలేదు. ఇందు రంపం తెచ్చింది. దీదీ ముందు ముఖం తిప్పుకుంది గానీ, కాయ రెండుగా విడిపోయాక తనే వంగి గింజలు ఏరింది.

రెండు వందల పన్నెండు మంచి గింజలు. క్లబ్బు వంద తీసుకుంది, షోకి వచ్చినవాళ్ళు అరవై. నూట అరవై గింజలకి 6,400. గుజ్జు గొడ్లవాడికి ఇచ్చాను, 300. ప్రైజుతో కలిపి 8,700 వచ్చింది. ఖర్చు 6,900 పోను లాభం పద్ధెనిమిది వందలు. మీరు ఒక్క రూపాయి అడిగారు.

అడ్వాన్సు తిరిగి ఇచ్చెయ్యండి.

బాలాంబ

---

విశాఖపట్నం,
ఫిబ్రవరి 27

బాలా,

సెలవు విషయంలో నేను చేసింది బాగాలేదు, ఒప్పుకుంటున్నాను. నీ కూడికలో కూడా పైసా తేడా లేదు. కానీ లెక్క సగమే రాశావు.

మా వర్క్‌షాపులో ఏ పనికైనా జాబ్ కార్డు ఉంటుంది. ఒక కాలమ్ మెటీరియల్, పక్క కాలమ్ లేబర్. ఒక్క బోల్టు చేసినా దాని దగ్గర మనిషి ఎన్ని గంటలు నిలబడ్డాడో రాయాలి. లేబర్ కాలమ్ ఖాళీగా వెళ్ళిన కార్డుని ఆఫీసువాళ్ళు తిప్పి పంపేసేవారు. నువ్వు పేడ రాశావు, ఆ పేడ ఎత్తి పోసినదాన్ని రాయలేదు. పని ఊరికే జరగదు బాలా, ఎవరు చేసినా దానికి రేటు ఉంటుంది.

అక్టోబరు 12 నుంచి ఫిబ్రవరి 8 దాకా నూట ఇరవై రోజులు. రోజుకి రెండు గంటలని నువ్వే రాశావు. రెండు వందల నలభై గంటలు, అంటే ముప్పై పనిదినాలు. రోజుకి మూడు వందలు వేసినా తొమ్మిది వేలు. నీ లాభం పద్ధెనిమిది వందలు తీసేస్తే ఏడు వేల రెండు వందలు నష్టం.

ఇది తొండి కాదు. ఏ ఆఫీసులో చూపించినా ఇదే అంటారు. కాగితాల మీద సంతకం పెట్టి పంపు. ఇక్కడికి వచ్చాక నీకు డాబా మీద కుండీలు పెట్టిస్తాను.

జగ్గారావు

---

ఖరిదా,
మార్చి 4

ఇందు వాళ్ళ నాన్నగారికి,

మీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. కుండీల మాట దగ్గర. తరవాత మళ్ళీ చదివాను. పని ఊరికే జరగదు, ఎవరు చేసినా దానికి రేటు ఉంటుంది అని రాశారు. అది మంచి మాట. నాకు పెళ్ళయినప్పటి నుంచీ ఎవరూ చెప్పని మాట.

అయితే ఇంటి కార్డు కూడా నింపాలి కదా. ఇల్లు మీ జీతంతో కట్టామని మనిద్దరమూ అనుకుంటున్నాం. లేబర్ కాలమ్ ఖాళీగా ఉంది. నేను నింపాను.

పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. మీ వర్క్‌షాపులాగే నేనూ ఆదివారాలూ పండగలూ తీసేశాను. ఏడాదికి మూడు వందల రోజులే వేశాను. రోజుకి ఎనిమిది గంటలే వేశాను, మీ టిఫిను క్యారేజీ కోసం లేచిన వేళ నుంచి లెక్కపెడితే అంతకి రెట్టింపు ఉంటుంది. మీరు చెప్పిన మూడు వందల రేటే. ఏడాదికి తొంభై వేలు. ముప్పై నాలుగేళ్ళకి ముప్పై లక్షల అరవై వేలు.

పాత రోజుల్లో కూలి అంత లేదంటారేమో. మీరు ఇల్లు పాత రోజుల ధరకి అమ్ముతున్నారా? నా తిండీ బట్టా తీసెయ్యమంటారేమో. మీరు తిన్న అన్నం మీ జీతంలో ఎవరైనా కోసుకున్నారా?

ఇల్లు ఇరవై ఎనిమిది లక్షలు. అది నా కూలి కింద జమ కట్టుకున్నాను. ఇంకా రెండు లక్షల అరవై వేలు మీరు నాకు ఇవ్వాలి. మొగుడూ పెళ్ళాల మధ్య అంత పట్టింపు ఎందుకని వదిలేశాను.

మీ లెక్కన పందెం ఓడిపోయాను కనక ఇచ్చిన మాట ప్రకారం సంతకం పెట్టేదాన్నే, ఆ కాలమ్ ఇంటికి కూడా ఉంటుందని మీరే గుర్తుచెయ్యకపోయి ఉంటే. కాగితాలు ఖాళీగానే తిప్పి పంపుతున్నాను. మీరు ఎప్పుడైనా రావచ్చు. అద్దె అడగను.

బాలాంబ

---

విశాఖపట్నం,
మార్చి 12

బాలా,

నీ లెక్క మూడుసార్లు సరిచూశాను. ఎక్కడో ఒక తప్పు ఉంటుందని పట్టుదలగా చూశాను.

నేను కాగితం పట్టుకుని అక్కావాళ్ళ వరండాలో కూర్చుంటే అక్క వచ్చి లాక్కుని చదివింది. నవ్వుతుందనుకున్నాను. నా ఎదురుగా కూర్చుని, నాకు పెదాలు కనపడేలా మెల్లిగా, "ఏట్రా జగ్గా, అది రాసిందాంట్లో అబద్ధం ఏటుంది? నాకూ ఇలాటి లెక్కొకటి కట్టి పెట్టు, మీ బావకి సూపిస్తాను" అంది. బావ లోపలికి వెళ్ళిపోయాడు.

ఇక్కడికి రమ్మని ఎందుకు పట్టుబట్టానో నీకు సరిగ్గా చెప్పలేదు. ఇక్కడ అందరి పెదాల మీదా తెలుగే కనక సగమైనా అర్థమవుతుంది. అక్కడ బెంగాలీ పెదాలు నాకు ఒక్క ముక్క తెలియవు. గోల్‌బజారులో కొట్టువాడు ఏదో అంటే నువ్వు నా వైపు తిరిగి తెలుగులో చెప్పేదానివి. నువ్వు పక్కన లేనప్పుడు ఊరికే తల ఊపి వచ్చేసేవాణ్ణి. నాకు సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గుని ఫ్లాటు అనీ, అక్క అనీ, లెక్క అనీ రాశాను. నువ్వు నాకు చెప్పిన ఆ మాటలన్నిటికీ ఏ రేటు వెయ్యాలో నాకు తెలియలేదు.

విఘ్నేశ్వర్ గారి యాభై వేలు మొన్న తిరిగి ఇచ్చేశాను. కాంట్రాక్టు కూడా మానేశాను.

నీ లెక్కలో తప్పు దొరికింది. నువ్వు ఆదివారాలు తీసేశావు. మా షాపులో ఆదివారం పనికి పిలిస్తే డబుల్ రేటు ఇచ్చేవారు. నువ్వు ఆదివారం పని మానిన రోజు ఒక్కటైనా గుర్తుకొస్తుందేమోనని రెండు రోజులు ఆలోచించాను. నేను ఇంట్లో ఉండే రోజు కనక ఆ రోజు నీకు పని ఇంకా ఎక్కువ. ఏడాదికి యాభై రెండు చొప్పున ముప్పై నాలుగేళ్ళకి పదిహేడు వందల అరవై ఎనిమిది ఆదివారాలు. రోజుకి ఆరు వందలు. పది లక్షల అరవై వేల ఎనిమిది వందలు. ఇది నువ్వు వదిలేసిన దాంట్లో కలవదు, ఇది నేను విడిగా బాకీ. పెన్షన్లో తీరేది కాదు.

ఇరవై రెండో తేదీ పొద్దున్నే దిగుతున్నాను. ఆదివారం. స్టేషనుకి రావద్దు, టోటో ఎక్కి వచ్చేస్తాను. ఆ రోజు పొయ్యి దగ్గరికి కూడా రావద్దు. నాకు వచ్చింది పప్పూ అన్నమే, అందులో ఉప్పు ఎంత వెయ్యాలో మాత్రం నువ్వు కూర్చున్నచోటు నుంచి నా వైపు తిరిగి చెప్పు.

నీ
జగ్గారావు