అడవిదున్నలకు టైంటేబుల్

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయ్‌పూర్
12-11-2006

అక్కా,

ఇక్కడ అందరం కులాసాయే, నాకే ఒళ్లు మండిపోతోంది. మీ మరిదిగారు, ఆయన వర్క్‌షాపు స్నేహితులు కుటుంబాలతో జీపుల్లో బార్నవాపారా అడవికి ప్రయాణం పెట్టారు. రైల్వే బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆరూ పదికి అడవిదున్నలు, ఆరూ నలభైకి జింకలు, ఏడింటికి కొండ ఎక్కడం అని టైంటేబుల్ రాసి గోడకు అంటించారు. ఆడవాళ్ల పేర్ల ఎదురుగా రెండు రోజులూ వంటే!

అడిగితే, "కొండెక్కితే నీ మోకాళ్లు పట్టేస్తాయి, గెస్ట్‌హౌస్‌లో ఆరాంగా వండుతూ ఉండు" అన్నారు. నీళ్లు రాని రోజుల్లో మూడో అంతస్తుకు బిందెలు మోసినవి ఈ మోకాళ్లు కావూ?

బావగారి బైనాక్యులర్స్ నా పేరనే పార్సిల్ చెయ్యి. మీ బోరు బాగుచేయించారా? పిల్లలకు ఆశీస్సులు.

టైంటేబుల్లో వంట ఎదురుగా మీ మరిదిగారి పేరు రాసేశాను. ఇంకా చూసుకోలేదు.

నీ చెల్లెలు
రాజశ్రీ