జూన్‌లో పుట్టినవాళ్లు

ఎల్‌బీ నగర్,
మంగళవారం

ఒరేయ్ ఉప్పీ,

ఉత్తరం చూసి నవ్వకు. ఫోన్ చేద్దామని నాలుగుసార్లు నీ నంబరు దాకా వెళ్లాను. ఫోన్లో నువ్వు మధ్యలో ఏదో ఒక జోకు వేస్తావు, నేనూ నవ్వేస్తాను, చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోతుంది. అందుకే రాసి, విజయవాడ బస్సెక్కుతున్న మా బావమరిది చేతికిస్తున్నాను. వాడు శుక్రవారం తిరిగొస్తాడు, నీ జవాబు వాడికే ఇచ్చి పంపు. సోమవారంలోగా నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి. రెండు రోజులుగా కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే నడవాలనిపిస్తోంది. పొద్దున విజిల్ ఇంట్లోనే మర్చిపోయి ప్రాక్టీసుకు వెళ్లి, ఆ కోపం కుర్రాళ్ల మీద చూపించాను. "ఏంది గిది, ఇల్లు కొలుస్తున్నవా?" అని మా ఆవిడ స్వప్న అడగనే అడిగింది.

సంగతి ఇది. జాతీయ అండర్-20 ఫుట్‌బాల్ శిబిరానికి మా క్లబ్ నుంచి ఒక్క కుర్రాడిని పంపమన్నారు. మేనేజరుగా ఆ పేరు రాయాల్సింది నేను. అతని వయసు నాకు తెలిసి సరైనదేనని కింద సంతకం చేయాల్సిందీ నేనే. మా దగ్గర ఇద్దరున్నారు, లింగస్వామి, కార్తీక్. స్వామి బంతి అందుకుని గోలు వైపు తిరిగాడంటే ఇద్దరు డిఫెండర్లు పక్కకు తప్పుకోవాల్సిందే. కార్తీక్ వనస్థలిపురం వాడు, పద్దెనిమిదేళ్లు, బక్కగా ఉంటాడు. గోలు ముందు తొందరపడి సగం షాట్లు గోడ అవతలికి కొడతాడు. కానీ బంతి ఎక్కడ పడబోతోందో అందరికంటే ముందు వాడికే తెలుస్తుంది. ఏదేమైనా పోయిన వారం దాకా నాకు సందేహమే లేదు, స్వామి పేరే రాద్దామనుకున్నాను.

ఆదివారం స్వామి తల్లి సైదమ్మ గ్రౌండుకు వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. నాకోసం సర్వపిండి చేసి తెచ్చింది. కొడుకు ఆట చూసి మురిసిపోతూ తనంతట తనే చెప్పుకొచ్చింది. "మా స్వామి, మా చెల్లె బిడ్డ ఒక్క నెలల్నే పుట్టిండ్రు సారూ. దానికి మొన్న వానకాలానికి ఇరవై రెండు నిండినయ్, ఇద్దరు పిల్లల తల్లి. వీడేమో ఇంకా బంతి ఎంబడి ఉరుకుతుండు." స్వామి కార్డు మీద పంతొమ్మిదే ఉంది. పుట్టిన తేదీ జూన్ అయిదు. నెమ్మదిగా అడిగాను. ఆమె ఏమీ దాచలేదు. "బడిల ఏసినప్పుడు పెద్దసారే రాసిండు. లేటుగ ఏసినం గదా, జర తక్కువ రాస్తె ముందట నౌకరికి పనికొస్తదన్నడు. ఏమన్న తప్పాయెనా సారూ?" ఏం లేదమ్మా అన్నాను. చేతిలో ఉన్న ముక్క మాత్రం కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాను.

జూన్ అని చూసినప్పుడే నాకు వెలగాల్సింది. మా ఊరి బడిలో మా తరగతిలో ముప్పై మందిమి ఉంటే ఇరవై రెండు మందిమి జూన్‌లోనే పుట్టాం! బడి తెరిచే నెల అది. ఏడేళ్ల వాడిని తీసుకెళ్లినా పెద్దసారు అయిదు నిండినట్టు జూన్‌లో ఒక తేదీ పడేసేవారు. మా నాన్న మట్టయ్య "మీకు తెల్వంది ఏమున్నది సారూ" అని వేలిముద్ర వేసి వచ్చాడు. ఒరేయ్, నేను నీకంటే రెండేళ్లు పెద్దవాడిని. ఆరో తరగతికి పట్నం వచ్చి నీ పక్క బెంచీలో కూర్చున్నప్పుడు ఆ సంగతి నాకూ తెలియదు. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకసారి అమ్మ మాటల్లో బయటపడింది.

అంటే అండర్-16 ఎంపికల నాటికి నాకు తెలుసు. వీఎం హోం గ్రౌండులో ఆ రోజు నీకు పదిహేను, నాకు పదిహేడు. నీ కాళ్లు అగరొత్తుల్లా ఉండేవి. నేను భుజం తగిలిస్తే పడిపోయేవాడివి. "కుర్రాడిలో బలం ఉంది" అన్నారు సెలెక్టర్లు. ఫార్వర్డ్ చోటు ఒక్కటే మిగిలింది, నా పేరు చదివారు. నువ్వు నన్ను కౌగిలించుకుని గేటు దగ్గర చెరుకురసం తాగించావు. ఆ తర్వాత మళ్లీ గ్రౌండుకే రాలేదు. నేను కోల్‌కతా వెళ్లాను, గోవా వెళ్లాను, పదమూడేళ్లు బంతి తన్ని బతికాను, మోకాలి లిగమెంటు తెగాక కోచ్ లైసెన్సు తెచ్చుకుని మేనేజరునయ్యాను. పేపర్లో నా ఫొటో పడినప్పుడల్లా ఇది ఉప్పీగాడి చోటు కదా అనుకునేవాడిని. నిన్ను చూస్తే సిగ్గేసేది. అందుకే పెళ్లిళ్లలో కలిసినా నీ దగ్గర ఐదు నిమిషాలు నిలబడలేకపోయేవాడిని.

నిన్న మా క్లబ్ యజమాని చక్రపాణి గారితో పైపైన చెప్పి చూశాను. "ఏవండీ మహేష్ గారూ, కాగితం మీద ఎంతుంటే అంతేనండి వయసు. వాడు పుట్టినప్పుడు మీరేమన్నా పక్కనున్నారా? శిబిరానికి వెళ్లాడంటే పెద్ద క్లబ్బులన్నీ మన గుమ్మంలో ఉంటాయి. రాసి పంపేయండి" అన్నారు. ఇరవై దాటినవాడి వయసు శిబిరంలో తీసే ఎముకల ఎక్స్‌రేలోనూ సరిగ్గా తేలదట.

స్వామిని ఆపడానికి నాకు మొహం లేదురా. నేను ఎక్కిన మెట్టే వాడూ ఎక్కుతున్నాడు. నన్ను క్షమించానని నువ్వొక్క మాట రాయి చాలు, వాడి పేరు ధైర్యంగా రాసేస్తాను.

నీ
మహేష్

విజయవాడ,
గురువారం

ఒరేయ్ మహేషూ,

మీ బావమరిది హాల్లో కాఫీ తాగుతున్నాడు. నేను వంటింటి గట్టు మీద పెట్టి రాస్తున్నాను, కోడిగీతల్లా ఉంటే తిట్టుకో. నీ ఉత్తరం చదువుతూ ముందు నవ్వాను. కాసేపటికి నవ్వు పోయింది.

ఇరవై నాలుగేళ్లుగా నీకో అబద్ధం చెబుతున్నాను. ఎంపికలు రెండు రోజులు జరిగాయి, గుర్తుందా? మొదటి రోజు సాయంత్రమే మన కోచ్ మా ఇంటికి వచ్చి, మీ వాడిని తీసుకుంటున్నాం అని నాన్నతో చెప్పారు. మా నాన్న సాంబమూర్తి సంగతి నీకు తెలుసుగా. "మావాడికి ఎంట్రన్సు కోచింగు ఉందండీ, ఈ బంతాటలు మాకొద్దు, పేరు కొట్టేయండి" అన్నారు. అమ్మ కాఫీ ఇచ్చింది, కోచ్ తాగి వెళ్లిపోయారు. మర్నాడు నేను ఆడింది ఉత్తుత్తి ఆట. నువ్వు భుజం తగిలించావో లేదో కూడా నాకు గుర్తులేదు. నాన్న వద్దన్నారని చెప్పుకోవడానికి చచ్చేంత సిగ్గేసింది. సెలెక్టర్లు తీసుకోలేదు అంటే మాత్రం అందరూ అయ్యో పాపం అన్నారు. ఆ అయ్యోలు బాగున్నాయిరా. నీ మొహం చూస్తే ఏదో గిల్లుతోందని తెలిసేది. పోనీ, గిల్లనీ అనుకున్నాను. నువ్వు కోల్‌కతా వెళ్లావు, నేను కోచింగ్ సెంటర్లో మూడో వరుసలో కూర్చున్నాను, నాకు మాత్రం కుళ్లు ఉండదా? దానికి నువ్వే నన్ను క్షమించాలి.

నా చోటు నువ్వు తీసుకోలేదు. ఎవరిదో మాత్రం తీసుకున్నావు. నా పేరు పోయాక ఆ జాబితాలో నీ తర్వాత ఇంకో పిల్లాడు ఉండే ఉంటాడు కదా? వాడెవడో నీకు తెలియదు, నాకూ తెలియదు. ఈసారి ఆ పిల్లాడి పేరు నీకు తెలుసు, కార్తీక్. రోజూ పొద్దున్నే వచ్చి నీకు గుడ్ మార్నింగ్ చెబుతున్నాడు.

ఇంకొక్క మాట, కోపం తెచ్చుకోకు. ఇరవై నాలుగేళ్లు అడగని క్షమాపణ ఈ సోమవారంలోపే ఎందుకు కావాల్సొచ్చిందిరా నీకు?

ఉపేంద్ర

ఎల్‌బీ నగర్,
మంగళవారం

ఒరేయ్ దొంగా,

నీ ఉత్తరం చదివి ముందు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇన్నేళ్లు ఊరికే ఏడిపించావు కదరా! ఆ చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి తిట్లు ఆగిపోయాయి. ఎందుకేంటి, నీ క్షమాపణ అడ్డం పెట్టుకుని స్వామిని పంపేద్దామనే.

శనివారం ప్రాక్టీసు అయ్యాక స్వామిని మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను, నిన్ను పంపడం లేదు అని. ఎందుకని అడగలేదు, వాళ్లమ్మ చెప్పే ఉంటుంది. బూటు తాడు విప్పుకుంటూ, "మీరు ఎప్పుడు పుట్టిండ్రు సార్?" అన్నాడు. ఇంట్లో వాళ్లకూ నీకూ తప్ప ఎవరికీ చెప్పని మాట వాడికి చెప్పాను. నా కార్డు మీద ఉన్నదానికి ఇంకో రెండేళ్లు కలుపుకో అన్నాను. వాడు లేచి నిలబడ్డాడు. "మీరు మొత్తం ఆడినంక చెప్తున్నరు. నన్నేమో ఆడకముందే చెప్పుమంటున్నరు. గిదేం న్యాయం సార్?" వాడు అన్నది నిజం. బూట్లు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో మెట్రో స్టేషన్ వైపు వెళ్లిపోయాడు. వెనకాల పిలిచే ధైర్యం కూడా నాకు రాలేదు.

నిన్న కార్తీక్ పేరు రాసి సంతకం పెట్టాను. దానికి జతగా ఫుట్‌బాల్ సంఘానికి ఇంకో కాగితం కూడా రాసి పంపాను. అండర్-16 ఆడినప్పుడు నా వయసు తప్పని, ఆ సంగతి తెలిసే ఆడానని, అప్పుడు నాకిచ్చిన పతకం వెనక్కి తీసుకోమని, నా లైసెన్సు విషయంలో ఏం చేసినా ఒప్పుకుంటానని. స్వామికి ఇవ్వాల్సిన జవాబు నాకు అదొక్కటే తోచింది. రాస్తూ రాస్తూ ఒకచోట చెయ్యి ఆగిపోయింది. అసలు పుట్టిన తేదీ ఎంత? అమ్మనడిగితే నవ్వింది. "తారీఖు ఏడికెల్లి తేవాలె బిడ్డా? వానలు మంచిగ పడ్డయ్, కంది చేన్ల కలుపు తీస్తున్న, నొప్పులొచ్చినయ్. గంతే యాదికున్నది." నిజం చెబుదామని కూర్చుంటే ఆ నిజం నాకే తెలియదు, చూడు! ఏడాది రాసి, నెల, రోజు తెలియవు అని పక్కన రాశాను.

సాయంత్రం చక్రపాణి గారు ఫోన్ చేశారు. "ఏవండీ, మీరు చేసింది మంచి పనే అయ్యుండొచ్చండి. నా క్లబ్‌కు మాత్రం కాదు. రేపటి నుంచి మీరు రానక్కర్లేదు" అన్నారు. ఏవండీ అనడం మాత్రం మానలేదు పాపం. స్వప్నకు చెప్పాను. "ఇగనన్న కుదురుగ కూసో" అంది. నాకు ఇంకా కుదురు రాలేదు. ఇప్పుడు కూడా రెండు వాక్యాలకోసారి లేచి బాల్కనీలోకి వెళ్లి వస్తున్నాను.

పొద్దున తొమ్మిదింటికి స్వామి వచ్చాడు. నా సంగతి గ్రౌండులో అప్పటికే తెలిసిపోయిందట. కోపం తగ్గినట్టు లేదు, లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. "నా కాగితం గూడ మీరే రాయుండ్రి సార్. నాకు రాయరాదు గసొంటియి" అన్నాడు. శిక్ష పడుతుందిరా, కొన్నాళ్లు ఆడనివ్వరు అని చెప్పాను. "ఎరికే" అన్నాడు. అక్కడే నిలబడి రాశాను. తేదీ దగ్గర ఆగి తల ఎత్తితే, "మా అమ్మకు యాదికి లేదు. మీది ఏం రాసిండ్రు?" అని అడిగాడు. తెలియదని రాశానన్నాను. "నాది గూడ గట్లనే రాయుండ్రి" అని కాగితం తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతూ మధ్యలో ఆగి వెనక్కి తిరిగాడు.

"సార్, శిక్ష అయిపోయేసరికి నాకు ఇరవై నాలుగు ఉంటయ్. పెద్దోళ్ల టీముల తీస్కుంటరా?"

తీసుకుంటారు అన్నాను. ఎవరు తీసుకుంటారో నాకు తెలియదు. రేపు పొద్దున ఆరింటికి గ్రౌండుకు రమ్మన్నాను, క్లబ్ లేకపోయినా నేను ఉంటానని.

ఉంటాను,
మహేష్