వినని జేగంట

టాంపెరే, 15 నవంబరు 1974
రై ధాన్యపు రొట్టెలు ఆరు కాల్చాను, తెరలు ఉతికాను.

తమ్ముడు తాపియోకు,

మంగళవారం మీ వాద్యబృందం కచేరీలో రెండూ ఈ శతాబ్దపు సింఫనీలే. మొదటిది మెత్తగా సాగింది. రెండోదంతా మోతేనని విని విరామంలోనే ఇంటికి వచ్చేశాను. నువ్వు జేగంట కొట్టేది రెండోదాంట్లోనే, అదీ ఒకే ఒక్క దెబ్బ అని తెలిసీ వచ్చేశాను.

మర్నాడు ఫోనులో, "నీ దెబ్బకు గుండె ఝల్లుమందిరా" అన్నాను.

"అవునా అక్కా? లెక్క తప్పి నేనసలు కొట్టనే లేదు. హాలంతటిలో నీ ఒక్కదానికే వినిపించిందన్నమాట" అన్నావు.

సిగ్గుతో ఫోను పెట్టేశాను. నువ్వు బాధలో ఉన్న రోజునే నీతో అబద్ధమాడాను.

నిన్న అదే కచేరీ మళ్లీ జరిగితే చెప్పకుండా వచ్చి చివరి వరుసలో కూర్చున్నాను. నువ్వు పెదవులు కదుపుతూ ఆవర్తాలు లెక్కపెడుతుంటే నేనూ ఊపిరి బిగబట్టాను. దెబ్బ సరిగ్గా పడింది.

వినకుండా నీకు పడ్డ బాకీ తీర్చేశాను.

నీ అక్క