పరీక్ష హాలులో రుమాలు కింద చెయ్యి

తాండూరు,
18 జూన్, 1962.

పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,

తాండూరు గంజిలో, అనగా ధాన్యపు బజారులో, బాల్‌రాజ్ సేటు గారి దలాలీ దుకాణమున సగం కూలికి పనిచేయుచు, హైదరాబాదు సాయంకాల కళాశాలలో బి.ఏ. ఆఖరు సంవత్సరం చదివిన జంగప్ప వ్రాసుకొను అర్జీ.

విషయం: పరీక్ష హాలులో నా చేతిని నేనే పట్టుకున్న నేరమునకు నన్ను రెండేళ్లు డిబార్ చేయుట గురించి.

అయ్యా,

ఇది నేను తమకు పంపుచున్న మూడవ అర్జీ. మొదటి రెండింటికీ జవాబు రాలేదు. అవి మిక్కిలి వినయముగా వ్రాసినవి. ఈసారి ఆ పొరపాటు చేయను.

1. నేను బి.ఏ.లో మొదట చేరినది 1947లో. అప్పుడు పాఠాలన్నీ ఉర్దూలో చెప్పేవారు. మరుసటి ఏడు గలాటాలలో చదువు ఆగింది, అదే ఏడు మా నాయన పోయినాడు, నేను తాండూరు వచ్చి గంజిలో పనికి కుదిరినాను. ఇన్నేళ్ల తరువాత తిరిగి చేరితే అవే పాఠాలు ఇంగ్లీషులోకి మారి కూర్చున్నవి. ఉర్దూలో సగం, ఇంగ్లీషులో సగం, నడుమ కందుల బస్తాలు, ఇదీ నా విద్య. దీని మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదులు కింద ఉన్నవి.

2. వారంలో సగం గంజి, సగం హైదరాబాదు. సేటు గారిని బతిమాలి కూలి సగం చేయించుకున్న మనిషిని ఈ జిల్లాలో నన్ను తప్ప తమరు చూపలేరు. నా చదువంతా రైలులోనే. వికారాబాదు స్టేషనులో ఇంజనుకు నీళ్లు పట్టేంతసేపు ప్లాట్‌ఫారం మీద పచార్లు చేస్తూ అర్థశాస్త్రం వల్లె వేసేవాడిని. టీ అమ్మేవాళ్లు నాకు మతి తప్పిందనుకుని పక్కకు తప్పుకునేవారు. తిరిగి చేరతానన్న రోజు నా భార్య చంద్రవ్వ ఒక్కటే మాట అన్నది: "పో. మస్తుగ సదువుకో. గని గీసారి నడుమల ఇడిసిపెట్టి రాకు."

3. తమరు కందిపప్పు తినుటయే గాని కందులు అమ్మి ఎరుగరు కనుక, మా గంజి పద్ధతి విన్నవించుచున్నాను. బేరం మాటలతో జరగదు. దలాలు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చుని చేతుల మీద రుమాలు కప్పుకుంటారు. లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, చెయ్యి మొత్తం పట్టుకుంటే అయిదు. చుట్టూ నిలబడినవారికి ధర తెలియదు. ఎంత కొట్లాడుకున్నా, చెయ్యి పట్టుకుని ఉన్నంతసేపు బేరం నడుస్తున్నట్టే లెక్క. చెయ్యి విడిస్తే పోయినట్టు. ఏళ్ల తరబడి నా కుడిచెయ్యి చేసిన ఉద్యోగం ఇదే.

4. అందువల్ల నాకు ఒక అలవాటు పడింది. ఏదైనా గుర్తు పెట్టుకోవాలంటే రుమాలు కింద ఎడమచేతి వేళ్లు పట్టుకోవాలి. పాఠంలో అయిదు అంశాలుంటే అయిదు వేళ్లకు పంచుకుంటాను. మొన్న ఏప్రిల్‌లో అర్థశాస్త్రం పరీక్షనాడు నాలుగో అంశం గుర్తు రాలేదు. కలం కింద పెట్టి, భుజం మీది రుమాలు ఒళ్లో పరచి, ఉంగరపు వేలు పట్టుకున్నాను. అంశం గుర్తుకు వచ్చింది. అదే క్షణంలో హాలు పర్యవేక్షకులు హనుమంతు గారు కూడా వచ్చినారు. రుమాలు లాగినారు, జవాబు పత్రం లాగినారు, నన్ను బయటికి నెట్టినారు. ఆ నాలుగో అంశం నేటికీ నా వేలి మీదనే ఉన్నది. కావలసినవారు వచ్చి తీసుకోవచ్చును.

5. నేరారోపణ ఏమనగా, పక్కన కూర్చున్న మహేందర్ అను విద్యార్థికి నేను రహస్య సంకేతములు పంపితినట. ఆ అబ్బాయి హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు. నేను గంజిలో పనిచేస్తానని చెబితే "కందులు భూమిలో కాస్తయా, చెట్టుకు కాస్తయా?" అని అడిగినాడు. అతనికి వేళ్ల భాష వచ్చునని తమరు నమ్మినారు. పైగా ఈ భాష చెయ్యి పట్టుకుంటే గాని నడవదు. అతను రెండు బారల దూరంలో కూర్చుని ఉన్నాడు. చివరకు అతనిని మందలించి విడిచిపెట్టినారు, నన్ను డిబార్ చేసినారు. సంకేతములు పంపినవాడు దొంగ, అందుకున్నవాడు దొర. ఇది ఏ శాస్త్రమో మా కళాశాలలో చెప్పలేదు.

6. విచారణ సంఘం వారు పిలిచినప్పుడు అధ్యక్షులైన ముసలాయన మంచి మనిషి వలె కనబడినారు. ఆయన చెయ్యి చాచి, "ఫ్రెంచి విప్లవానికి కారణాలు ఈ చేతికి చెప్పు చూద్దాం" అన్నారు. రుమాలు కప్పి ఆయన మూడు వేళ్లు పట్టుకున్నాను. "ఏమన్నావు?" అని అడిగినారు. "మూడని చెప్పిన సారూ. గంతకన్న ఎక్కువ చెప్పరాదు. రాజు పేరు ఏ వేలుతో చెప్పాలె?" అన్నాను. ఆయన పకపకా నవ్వినారు. నాతో కలిసి నవ్వినవారే మరునాడు నా మీద సంతకం పెట్టినారు. నన్ను కోపంగా శిక్షించి ఉంటే ఇంత బాధ లేకపోవును.

7. హనుమంతు గారు మాత్రం నవ్వలేదు. వారిది నవాబుపేట దగ్గరి పల్లె అని, వారు రైతు బిడ్డ అని నాకు ఆనాడే తెలిసింది. పట్నంలో పుట్టిన పర్యవేక్షకుడైతే నేను మోకాలు గోక్కుంటున్నానని అనుకుని దాటిపోయేవాడు. రుమాలు కింద చెయ్యి అంటే ఏమిటో తెలిసినవాడు గనుకనే ఆయన పొరబడినారు. మీరూ ఒకసారి చెయ్యి ఇచ్చి చూడండి, దూరం నుంచి చెప్పడం ఎట్లా కుదురుతుందో మీరే చెప్పండి అని అడిగినాను. ఆయన ముఖం ఎర్రబడింది. అంతవరకు మాట్లాడిన ఇంగ్లీషు ఎటో పోయింది.

"నీ చెయ్యి నేను పట్టాల్నా? మా నాయిన బండి కట్టుకొని తాండూరు గంజికొస్తుండె. ఆయన కందులు, ఆయన ముంగటనే, మీరు రుమాలు కప్పుకొని బేరం జేస్తుంటిరి. ధర ఎంతనో ఆయనకే తెల్వకపోవు. గుడ్లప్పగించి జూస్తుండె. నేను పక్కన నిలబడి జూసిన. గిప్పుడు గా రుమాలు నా హాలుకే తెస్తవా?"

అయ్యా, ఆయన కోపంలో న్యాయం ఉన్నది. కాని ఆ కోపం గంజిలో తీర్చుకోవలసినది, సేట్ల మీద తీర్చుకోవలసినది. అది నా అర్థశాస్త్రం పేపరు మీద తీరడం ఏమి న్యాయం? ఆయన తండ్రి ఎదుట రుమాలు కప్పిన చేతులలో నా చెయ్యి ఉన్నదో లేదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియని దానికి శిక్ష వేసినారు, దానికి తమరు ముద్ర కొట్టినారు.

8. వచ్చే పంట నుండి రుమాలు బేరం బంద్, అందరి ముందు వేలం పాటేనని సేటు గారు చెబుతున్నారు. మంచిదే, హనుమంతు గారు సంతోషింతురు గాక. కాని ఆ దినము నుండి నా చేతికి పని లేదు. వికారాబాదులో ఒక బడి వారు, సంక్రాంతిలోగా డిగ్రీ తెస్తే పంతులు పని ఇస్తామన్నారు. రెండేళ్ల తరువాత తెస్తే వారికి అక్కర లేదు, నా వయసు కూడా ఒప్పదు. ఒక పరీక్ష, ఒక్క పేపరు, దాని మీదనే నా సంసారం నిలబడి ఉన్నది. ఈ మాట మొదటి రెండు అర్జీలలో సిగ్గుపడి వ్రాయలేదు.

కావున సెప్టెంబరు పరీక్షకు నన్ను కూర్చోనివ్వవలెను. రుమాలు గేటు దగ్గరనే ఇచ్చి వస్తాను. రెండు చేతులూ మేజా మీదనే ఉంచుతాను. హనుమంతు గారినే నా ఎదుట కాపలా పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. అనుమానమైతే కుడిచెయ్యి కట్టివేయండి, ఎడమచేతితో వ్రాస్తాను. నాకు దయ అక్కరలేదు, ప్రశ్నపత్రం ఇప్పించండి.

ఇంతకు మించిన మర్యాద నా దగ్గర మిగలలేదు గనుక, ఉన్నంతలో చిత్తగించవలెను.

గత్యంతరం లేక తమ విధేయుడు,
జంగప్ప

తా.క. తమ ఉత్తర్వు వచ్చిన రోజు మా ఇంట్లో చుట్టాలు కూర్చుని ఉన్నారు. కవరు విప్పి చదివేసరికి నా ముఖం మారింది. అందరి ముందు అడగలేక చంద్రవ్వ నా పక్కన కూర్చుని, నా చేతి మీద కొంగు కప్పి లోపల చెయ్యి పట్టుకున్నది. ఆమెకు అక్షరాలు రావు, వేళ్ల లెక్క నేనే నేర్పినాను. ఆమె వేళ్లు రెండు పట్టుకున్నాను. రెండేళ్లని ఆమెకు అర్థమైంది. చుట్టాలు వానల గురించి మాట్లాడుతూనే ఉన్నారు. నేను చెయ్యి తీసుకోబోతే ఆమె గట్టిగా పట్టుకుని, నాకు మాత్రమే వినబడేటట్టు, "నువ్వు ఇడిస్తే ఇడువు. నేనైతే ఇడువ" అన్నది.

ఈ మూడవ అర్జీ అందువల్ల వ్రాసినాను.